తెర వెనక అక్షరం: లినక్స్ స్క్రీన్ రీడర్ల కథ

2005 సెప్టెంబర్‌లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రభుత్వం ఒక నిర్ణయం ప్రకటించింది. 2007 జనవరి నుంచి ప్రభుత్వ కార్యాలయాల పత్రాలు ఓపెన్‌డాక్యుమెంట్ అనే బహిరంగ ఫార్మాట్‌లో ఉండాలి. ప్రజల పత్రాలు ఏదో ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్ కొంటేనే తెరుచుకునే పరిస్థితి ఉండకూడదన్నది ఉద్దేశం. ఓపెన్ సోర్స్ అభిమానులు పండగ చేసుకున్నారు. మైక్రోసాఫ్ట్ వ్యతిరేకించింది. అది అందరూ ఊహించిందే. ఎవరూ ఊహించనిది, చూపులేని ఉద్యోగులూ వికలాంగుల హక్కుల సంఘాలూ కూడా వ్యతిరేకించడం.

వాళ్ళ వాదన చాలా మామూలుది. మా స్క్రీన్ రీడర్ మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌ని చదవగలదు, మీరు తెస్తామంటున్న ఓపెన్‌ఆఫీస్‌ని సరిగ్గా చదవలేదు. అంటే మీ ఫార్మాట్‌కి స్వేచ్ఛ వచ్చిన రోజే మా పని ఆగిపోతుంది. చివరికి రాష్ట్రం మెత్తబడింది. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌ని అలాగే ఉంచి, దానికో ప్లగిన్ తగిలించి, ఓపెన్‌డాక్యుమెంట్‌లో సేవ్ చేసుకునే దారి వెతికారు. 2007లో మైక్రోసాఫ్ట్ సొంత ఫార్మాట్‌ని కూడా ఆమోదించిన జాబితాలో చేర్చారు.

కోడ్ అందరికీ తెరిచి ఉంటే తలుపు కూడా అందరికీ తెరిచి ఉన్నట్టేనా? ఓపెన్ సోర్స్ ప్రపంచాన్ని ఇంత సూటిగా ఈ ప్రశ్న అడిగిన సందర్భాలు తక్కువ. లినక్స్ వాడే చూపులేని మనిషి ఏ స్క్రీన్ రీడర్ ఎంచుకోవాలి అన్న చిన్న విషయం వెనక ముప్ఫై ఏళ్ళుగా ఇదే ప్రశ్న నడుస్తోంది. ఆ చరిత్ర తెలియకుండా ఫీచర్ల పట్టిక ముందు పెట్టుకుని ఎంచుకుంటే సగం విషయం తెలియదు.

స్క్రీన్ రీడర్ గురించి ముందుగా రెండు మాటలు. తెర మీద ఉన్నదాన్ని గొంతుతోనో, వేళ్ళ కింద లేచి పడే బ్రెయిలీ చుక్కలతోనో అందించే సాఫ్ట్‌వేర్ అది. దాన్ని వాడేవాళ్ళు సాధారణంగా మౌస్ జోలికి పోరు, అన్నీ కీబోర్డు మీదే. బాగా అలవాటైనవాళ్ళు దాన్ని ఎంత వేగంగా వింటారంటే, పక్కన కూర్చున్న మనకి ఒక్క ముక్క అర్థం కాదు.

రెండు వేల గళ్ళు

తొలినాళ్ళలో ఈ పని సులభంగానే ఉండేది. డాస్ కాలపు తెర అంటే 80 నిలువు వరసలు, 25 అడ్డు వరసలు. మొత్తం 2000 గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ఆ అక్షరాలన్నీ మెమరీలో ఒకచోట వరసగా ఉంటాయి. వాటిని తీసి స్పీచ్ సింథసైజర్‌కి పంపిస్తే చాలు. 1980ల్లో ఐబీఎంలో జిమ్ థాచర్, చూపులేని గణితవేత్త జెస్సీ రైట్‌తో కలిసి పనిచేస్తూ ఇలాంటి ప్రోగ్రామ్ ఒకటి తయారుచేశాడు. ఐబీఎం దాన్ని 'స్క్రీన్ రీడర్' అన్న పేరుతోనే అమ్మింది. ఆ సరుకు పేరే తర్వాత మొత్తం జాతికి పేరైంది. 1989లో టెడ్ హెంటర్ కంపెనీ డాస్ కోసం జాస్ విడుదల చేసింది. హెంటర్ ఒకప్పుడు మోటార్‌సైకిల్ రేసర్, 1978లో ఒక ప్రమాదంలో చూపు పోయింది. జాస్ తర్వాత విండోస్‌కి వచ్చి ఉద్యోగాల ప్రపంచంలో పాతుకుపోయింది. చాలా ఏళ్ళపాటు ఇంట్లో వాడుకునే వెర్షన్ ధరే 895 డాలర్లు. మన దేశంలో మధ్యతరగతి కుటుంబానికి ఆ అంకె ఎలా కనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

1991లో మొదలైన లినక్స్ కూడా ముందు నల్ల తెర మీద అక్షరాలే. ఆ కన్సోల్‌లో ఏ గడిలో ఏ అక్షరం ఉందో చెప్పే ప్రత్యేకమైన ఫైల్ ఒకటి ఉంటుంది. దాన్ని ఏ ప్రోగ్రామైనా మామూలు ఫైల్‌లాగే చదువుకోవచ్చు. 1995లో నిఖిల్ నాయర్ మొదలుపెట్టిన బీఆర్ఎల్‌టీటీవై ఆ ఫైల్‌ని చదివి బ్రెయిలీ పరికరానికి పంపుతుంది. తర్వాత డేవ్ మీల్కీ, నికొలస్ పిత్ర్, సామ్యూల్ తీబో లాంటివాళ్ళు దాన్ని నిలబెట్టుకుంటూ వచ్చారు. పలకడానికి వీల్లేని పేరు, పెద్దగా ప్రచారం లేని పని. ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ నడుస్తోంది.

తెరని కాదు, అర్థాన్ని

అదే 1995లో వచ్చిన ఇంకో సాఫ్ట్‌వేర్ ఈమాక్స్‌పీక్. రాసింది టి.వి. రామన్. పుణేలో పుట్టాడు. 14 ఏళ్ళ వయసులో గ్లకోమా వల్ల చూపు పోయింది. పుణే విశ్వవిద్యాలయంలో గణితం, ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్స్ చదివి కార్నెల్‌కి వెళ్ళాడు. గణిత సమీకరణాలతో నిండిన సాంకేతిక గ్రంథాలని వినడానికి అనువుగా గొంతుతో చెప్పించే పద్ధతి మీద 1994లో పీహెచ్‌డీ పూర్తిచేశాడు. ఆ వ్యవస్థకి పెట్టిన పేరు ఆస్టర్, తన గైడ్ కుక్క పేరు.

రామన్‌కి స్క్రీన్ రీడర్ అన్న ఆలోచనతోనే పేచీ. ఒక క్యాలెండర్ తెర మీద ఉందనుకోండి. చూపున్నవాళ్ళకి ఒక చూపులో 23వ తేదీ ఏ వారమో తెలిసిపోతుంది, పైన వారాల పేర్లు ఉంటాయి కాబట్టి. స్క్రీన్ రీడర్ మాత్రం ఆ వరసలో ఉన్నదంతా చదువుతుంది: ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివింది, తప్పేమీ లేదు. అయినా వినే మనిషికి పనికొచ్చేది ఏమీ దక్కలేదు. అదే క్యాలెండర్ ప్రోగ్రామ్‌కి మాత్రం ఆ 23 ఏ నెలదో, ఏ వారమో తెలుసు. మరి ఆ సంగతి నేరుగా దాన్నే అడిగితే పోలేదా?

ఈమాక్స్‌పీక్ చేసిందదే. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో 'అడ్వైస్' అన్న సౌకర్యం ఉంది. అసలు కోడ్‌ని ముట్టుకోకుండా ఏ ఫంక్షన్‌కైనా ముందో వెనకో మన కోడ్ తగిలించొచ్చు. కర్సర్ కింది వరసకి దిగే ఫంక్షన్ పని ముగియగానే, ఆ వరసని పలకమనే కోడ్ తగిలించాడన్నమాట. క్యాలెండర్‌లో ఒక తేదీ మీదికి వెళ్తే వారంతో సహా పూర్తి తేదీ పలుకుతుంది. ప్రోగ్రామ్ కోడ్‌లో కామెంట్లకి ఒక గొంతు, కీలక పదాలకి ఇంకో గొంతు. ఫైల్ తెరిస్తే ఒక చిన్న శబ్దం, మూస్తే ఇంకొకటి. మనం రంగులతో గుర్తుపట్టేవి అతను చెవితో గుర్తుపట్టేలా ఏర్పాటు చేసుకున్నాడు.

ఇది ఓపెన్ సోర్స్ వల్లే సాధ్యమైన పని. లోపలి ఫంక్షన్లు కనపడని ఎడిటర్‌లో ఇలా చేయలేం. తన అవసరానికి తగ్గ పనిముట్టు తానే తయారుచేసుకోగలిగాడు, ఎవరి అనుమతీ అడగలేదు. దీనికో పరిమితి కూడా ఉంది. ఈమాక్స్‌పీక్ కావాలంటే ఈమాక్స్ లోపలే బతకాలి. మెయిల్, వెబ్, ఫైళ్ళు, అన్నీ అందులోనే. ప్రోగ్రామర్లకి అది స్వర్గం కావచ్చు. లెక్చరర్‌కో బ్యాంకు ఉద్యోగికో అది కొత్త భాష నేర్చుకోవడంతో సమానం.

కెర్నెల్‌లో ఒక గొంతు

ఇంకో వైపు నుంచి వచ్చింది స్పీకప్. కెనడాకి చెందిన కర్క్ రైజర్ 1990ల చివర్లో దీన్ని మొదలుపెట్టాడు. మామూలు స్క్రీన్ రీడర్ సిస్టమ్ పూర్తిగా లేచాక గానీ మాట్లాడదు. మరి లేచేటప్పుడే ఏదైనా ఆగిపోతే? చూపున్నవాడికి తెర మీద ఎర్రర్ కనిపిస్తుంది. చూపులేనివాడికి నిశ్శబ్దం. ఎందుకు ఆగిందో చెప్పే దిక్కు లేదు. అందుకే స్పీకప్‌ని నేరుగా లినక్స్ కెర్నెల్‌లోనే పెట్టారు.

అయితే కెర్నెల్ తలుపు దాటడం తేలిక కాదు. ఏళ్ళ తరబడి స్పీకప్ బయటి ప్యాచ్‌గానే ఉంది. కెర్నెల్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ అతికించుకోవాలి. 2010లో దాన్ని స్టేజింగ్‌లోకి తీసుకున్నారు. స్టేజింగ్ అంటే ఇంకా ఇంట్లోకి రానివ్వకుండా అరుగు మీద కూర్చోబెట్టడం లాంటిది. సీరియల్ పోర్టులని అది వాడే తీరు మీద అభ్యంతరాలుండేవి. ఆ కోడ్‌ని శుభ్రం చేసి అసలు చోటుకి చేర్చేసరికి 2020 వచ్చింది, కెర్నెల్ 5.9తో. అరుగు మీద పదేళ్ళు.

సన్ వెలుగులో ఓర్కా

ఇవన్నీ అక్షరాల తెర కోసం. కిటికీలు, బటన్లు, బొమ్మలు వచ్చాక గళ్ళ లెక్క చెల్లదు. మెమరీలో ఉండేవి అక్షరాలు కావు, రంగు చుక్కలు. 1989లోనే మాక్ కోసం బర్క్‌లీ సిస్టమ్స్ అవుట్‌స్పోకెన్ తెచ్చింది. ఆ పద్ధతి స్క్రీన్ రీడర్లు తెర మీద గీసే ప్రతి ఆదేశాన్నీ మధ్యలో పట్టుకుని, ఎక్కడ ఏ అక్షరం గీశారో తమ దగ్గర ఒక నకలు తయారుచేసుకునేవి. తెలివైన పనే గానీ, అదొక రకం దొంగచాటు వినికిడి.

లినక్స్ డెస్క్‌టాప్‌కి ఇంకో దారి వేసింది సన్ మైక్రోసిస్టమ్స్. కారణం దయ ఒక్కటే కాదు. అమెరికా ప్రభుత్వం కొనే కంప్యూటర్ సామగ్రి వికలాంగులు కూడా వాడగలిగేలా ఉండాలనే సెక్షన్ 508 నిబంధనలు 2001 జూన్ నుంచి అమల్లోకి వచ్చాయి. గ్నోమ్ డెస్క్‌టాప్‌ని తన యంత్రాల మీద పెట్టి ప్రభుత్వానికి అమ్ముకోవాలనుకున్న సన్‌కి ఇంక తప్పలేదు. 2002లో వచ్చిన గ్నోమ్ 2లో కొత్త ఏర్పాటు చేశారు. ప్రతి అప్లికేషనూ తన గురించి తానే చెప్పుకోవాలి: నేను బటన్‌ని, నా పేరు 'సేవ్', ప్రస్తుతం నన్ను నొక్కొచ్చు. ఈ సమాచారం ఏటీ-ఎస్‌పీఐ అనే దారిలో స్క్రీన్ రీడర్‌కి చేరుతుంది. గమనించారా, ఇది రామన్ అడిగిన ప్రశ్నకి దగ్గరగా వచ్చిన జవాబు. తెరని కాదు, తెర వెనక ఉన్న సంగతిని అడగడం.

ఆ దారిలో మొదట నడిచింది గ్నోపెర్నికస్. తర్వాత సన్‌లోనే పనిచేసే చూపులేని ఇంజినీర్ మార్క్ మల్కాహీ, పైథాన్‌లో ఓర్కా మొదలుపెట్టాడు. విల్లీ వాకర్ దాన్ని ముందుకు నడిపించాడు. 2006లో గ్నోమ్ 2.16తో గ్నోపెర్నికస్ స్థానంలోకి ఓర్కా వచ్చింది. స్క్రీన్ రీడర్లకి సముద్ర జీవుల పేర్లు పెట్టడం ఒక ఆనవాయితీ. షార్క్ సినిమాని గుర్తుచేసే జాస్, డాస్ కాలపు ఫ్లిప్పర్, బ్రిటన్‌లో డాల్ఫిన్ అనే కంపెనీ. ఓర్కా అంటే కిల్లర్ వేల్.

2010 జనవరిలో ఒరాకిల్ సన్‌ని కొనేసింది. కొన్ని వారాల్లోనే విల్లీ వాకర్ ఉద్యోగం పోయింది. మామూలు కంపెనీ సరుకైతే అక్కడితో కథ ముగిసేది. ఓర్కా కోడ్ అందరిదీ కాబట్టి ముగియలేదు. చూపులేనివాళ్ళకి పాఠాలు చెప్తూ స్వచ్ఛందంగా ఓర్కాలో పనిచేస్తూ వచ్చిన జోన్మరీ డిగ్స్ బాధ్యత తీసుకుంది. తర్వాత ఇగాలియా అనే సంస్థలో చేరి ఆ పని కొనసాగించింది. ఓపెన్ సోర్స్ ఇచ్చిన హామీ ఇక్కడ నిజంగా పనిచేసింది. కాకపోతే ఒక కంపెనీ జట్టు మోసిన బరువులో చాలా భాగం ఒక్క మనిషి భుజాల మీద పడింది.

ఇల్లు కట్టిన ప్రతిసారీ

ఆ తర్వాతి పదిహేనేళ్ళని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: లినక్స్ డెస్క్‌టాప్‌ని పునాదుల నుంచి మళ్ళీ కట్టిన ప్రతిసారీ స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు వీధిలో పడ్డారు. 2011లో గ్నోమ్ 3 వచ్చింది. ఏటీ-ఎస్‌పీఐ కింద ఉన్న పాత కోర్బా యంత్రాంగాన్ని తీసేసి డీ-బస్ మీదికి మార్చారు. దీర్ఘకాలంలో అది మంచి మార్పే. కేడీఈ వైపు అప్లికేషన్లకి కూడా ఓర్కాతో మాట్లాడే వీలు అలాగే కలిగింది. కానీ మారుతున్న రోజుల్లో నలిగింది వాడేవాళ్ళే. చాలామంది పాత గ్నోమ్ 2కి కొనసాగింపుగా పుట్టిన మాటే డెస్క్‌టాప్‌కి వెళ్ళిపోయారు. దక్షిణ అమెరికాలో తాగే ఒక ఆకు కషాయం పేరు అది. తెలుగు చెవికి మాత్రం, తెర బదులు మాట మీద బతికేవాళ్ళు చేరిన చోటికి అంతకన్నా తగిన పేరు లేదనిపిస్తుంది.

పల్స్‌ఆడియో వచ్చినప్పుడు కన్సోల్ గొంతుకీ డెస్క్‌టాప్ గొంతుకీ ఒకే సౌండ్ కార్డు దగ్గర తగువు వచ్చింది. తర్వాత వేలాండ్. పాత ఎక్స్ వ్యవస్థలో ఏ ప్రోగ్రామైనా మీరు నొక్కే ప్రతి కీనీ చూడగలదు. భద్రత రీత్యా అది పెద్ద కన్నం. స్క్రీన్ రీడర్ బతికేది కూడా ఆ కన్నంలోంచే. మీరు ఏ కిటికీలో ఉన్నా దాని ఆదేశాలు దానికి వినపడాలి కదా. వేలాండ్ ఆ కన్నాన్ని మూసేసింది. 2016లో ఫెడోరా 25 వేలాండ్‌ని డీఫాల్ట్ చేసింది. వేలాండ్ మీద ఓర్కా షార్ట్‌కట్లకి గ్నోమ్‌లో సరైన ఏర్పాటు కుదిరింది 2025 మార్చిలో వచ్చిన గ్నోమ్ 48తో. ఈ మధ్యలో జర్మనీ ప్రభుత్వ నిధితో నడిచే సావరిన్ టెక్ ఫండ్ 2023లో గ్నోమ్‌కి పది లక్షల యూరోలు ఇచ్చింది. అందులో ఒక భాగం ఈ పనులకి వెళ్ళింది.

ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. నేను పనిచేసిన చోట్ల కూడా చూశాను. యాక్సెసిబిలిటీ టికెట్ స్ప్రింట్ మొదట్లో బోర్డు మీద ఉంటుంది, రెండో వారానికి 'తర్వాతి రిలీజ్‌లో చూద్దాం' అన్న గడిలోకి జరుగుతుంది. లినక్స్ చరిత్రలో ఆ 'తర్వాత' ఒక్కోసారి ఎనిమిదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు.

మరి ఏది ఎంచుకోవాలి?

ఈ కథంతా విన్నాక, ఎంపిక అంటే నాలుగు సాఫ్ట్‌వేర్లలో మంచిదేదో తేల్చడం కాదని అర్థమవుతుంది. ఒక్కోటీ ఒక్కో అంతస్తులో కూర్చుని వింటుంది. కెర్నెల్ దగ్గర స్పీకప్. కన్సోల్‌లో బ్రెయిలీకి బీఆర్ఎల్‌టీటీవై. ఈమాక్స్ లోపల ఈమాక్స్‌పీక్. బ్రౌజర్, లిబ్రేఆఫీస్ ఉన్న మామూలు డెస్క్‌టాప్‌కి ఓర్కా. సర్వర్లు చూసుకునే ఉద్యోగికి మొదటి రెండూ ప్రాణం. డిగ్రీ చదివే విద్యార్థికి ఓర్కా తప్ప దారి లేదు, దానికి తోడు మాటే గానీ గ్నోమ్ గానీ. అలవాటైనవాళ్ళు ఒకే యంత్రంలో రెండు మూడు కలిపి వాడతారు. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బీప్ వినపడగానే 'ఎస్' నొక్కి ఎంటర్ కొడితే మొదటి అడుగు నుంచే గొంతు పలుకుతుంది. చూపున్న మనిషి సాయం లేకుండా తన కంప్యూటర్ తానే సిద్ధం చేసుకోవడం చిన్న సంగతేమీ కాదు.

అయినా ఒక్కమాట దాచకూడదు. చూపున్న లినక్స్ వాడకందారుకి డజను డెస్క్‌టాప్‌లు, చూపులేనివాళ్ళకి ఒక్క ఓర్కా. ఇంకో వింత, ప్రపంచంలో బాగా జనాదరణ పొందిన ఓపెన్ సోర్స్ స్క్రీన్ రీడర్ నడిచేది లినక్స్ మీద కాదు, విండోస్ మీద. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అది. కిందున్న నేల మూసినదైనా, పనిముట్టు ఉచితంగా దొరికితే జనం దాన్నే తీసుకున్నారు. వాళ్ళని తప్పుపట్టలేం. రేపు ఉదయం జీతం కోసం పనిచేయాల్సినవాళ్ళకి సిద్ధాంతం రెండో సంగతి.

తెలుగు వినపడాలంటే

ఓర్కా దగ్గర గొంతు ఉండదు. అది స్పీచ్ డిస్పాచర్‌కి చెప్తుంది, ఆ డిస్పాచర్ ఈస్పీక్ లాంటి సింథసైజర్‌కి చెప్తుంది. ఈస్పీక్ ఎన్‌జీకి తెలుగు వచ్చు. యాస రోబోది, ఒత్తులు అక్కడక్కడా తడబడతాయి, అయినా చదువుతుంది. ఫెస్టివల్ సింథసైజర్‌కి తెలుగు మగ గొంతు ప్యాకేజీ డెబియన్‌లో ఉండేది. బ్రెయిలీకి లిబ్‌లూయీలో తెలుగు పట్టిక ఉంది. సాధనాలు గొప్పగా లేవు, కానీ ఉన్నాయి.

అసలు అడ్డం మన వైపు ఉంది. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు పేజీని ఎప్పుడైనా కాపీ చేసి చూశారా? ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గందరగోళం వస్తుంది. ఎందుకంటే అక్కడ లోపల ఉన్నది 'క' కాదు, 'క' ఆకారంలో కనపడే ఇంకేదో గుర్తు. కంటికి అది తెలుగు, కంప్యూటర్‌కి కాదు. స్క్రీన్ రీడర్ ఆ గందరగోళాన్నే నిజాయితీగా చదివి వినిపిస్తుంది. దశాబ్దాల తెలుగు పత్రికలు, పుస్తకాలు ఇలాగే ఉన్నాయి. మిగిలినవి స్కాన్ చేసిన బొమ్మలు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది.

రామన్ క్యాలెండర్ సమస్యా ఇదీ ఒకటే. తెర మీద కనపడటం వేరు, తెర వెనక అర్థం ఉండటం వేరు. ఎంత మంచి స్క్రీన్ రీడర్ ఎంచుకున్నా, వెనక అక్షరమే లేకపోతే అది ఏం చదువుతుంది?

మన దేశంలో 2015లో కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. సమాచారం వాళ్ళకి అందే రూపంలో ఉండాలని ఆ చట్టం అంటోంది. ఈ రెండూ ఒకే బల్ల మీదికి ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి, మసాచుసెట్స్‌లో వచ్చినట్టే. అప్పుడు స్వేచ్ఛ వైపా, అందుబాటు వైపా అని మనుషులు చీలిపోకుండా ఉండాలంటే పని ఇప్పుడే మొదలవ్వాలి. ఓర్కాకి కోడ్ రాయడం అందరి వల్లా కాదు. తెలుగు గొంతు మెరుగుపరచడం కొందరి వల్ల అవుతుంది. రాసింది యూనికోడ్‌లో పెట్టడం, బొమ్మ పెట్టినచోట అదేమిటో ఒక వాక్యం జోడించడం, పుస్తకాన్ని స్కాన్‌గా మాత్రమే వదిలేయకపోవడం, ఇవి మాత్రం రాసేవాళ్ళూ పత్రిక నడిపేవాళ్ళూ అందరూ చేయగలరు.